నింపుకుని రమ్మన్న కాగితాలు

లేక్‌వర్త్, ఫ్లోరిడా
జనవరి 12, 2003

మార్లిస్ తల్లికి,

మీ మేనత్త ఇంపి ఎండకి ఇంకా కరిగిపోలేదని ముందుగా తెలియజేస్తున్నాను. జనవరిలో మంచుబూట్లు మానేసి చెప్పులేసుకుని తిరుగుతున్నానంటే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి తిడతాడు. ఇక్కడి మన ఫిన్లండు వాళ్ళు ఈ ఉక్కలో కూడా శనివారం శనివారం ఆవిరిస్నానానికి సావునా గది కాలుస్తారు. ‘బయటే ఉడికిపోతున్నాం, మళ్ళీ లోపలికెందుకర్రా’ అన్నానని ఇద్దరు ముసలమ్మలు నాతో మాట్లాడడం మానేశారు. పోనీలే, మాట్లాడినా నాకు వినపడదుగా. చెవిలో పెట్టిన కొత్త మిషను ఈల వేస్తుంది. ఫోనెత్తితే అన్నీ సముద్రపు పక్షుల అరుపులే. అందుకే ఫోను చెయ్యకు. రాయి.

ఆఫీసు తలుపు మీద నా పేరు చెరిపి నీ పేరు రాయించావా? రాయించు, నేనేమీ అనుకోను. నలభై ఏళ్ళ పాటు పన్నుల కాగితాలు నింపిన కుర్చీ అది, ఎడమకాలు కొంచెం ఊగుతుంది, అట్టముక్క పెట్టుకో. సాఫ్ట్‌వేరు కొత్తది దించుకోమని అడిగితే పొద్దున్నే, ఎవరూ రాకముందే దించుకో. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి మాత్రం ఆ పని పెట్టుకోకు, గంట సేపు గోడలు చూసుకుంటూ కూర్చోవాలి. పేర్లు నోటిమాట మీద కొట్టకు, సోషల్ సెక్యూరిటీ కార్డు చూసి కొట్టు. పెళ్ళయిన పిల్లలు కార్డు మీద పేరు మార్పించుకోరు, ఈ-ఫైలు తన్నేసి వెనక్కి వస్తుంది. ఇంకొకటి, ఇది గుర్తుంచుకో: అవునా కాదా అనే ప్రశ్న ఎవర్నీ అడగకు. ‘అన్ని కాగితాలూ తెచ్చారా’ అంటే అందరూ అవునంటారు. ‘ఏమేం తెచ్చారు’ అని అడుగు.

అసలు సంగతి రాయడానికి ఇంత దూరం వచ్చాను. రెయినో హావిస్తో తెలుసుగా, ఇనుపగనిలో చేసి రిటైరయినాయన, భార్య పోయి తొమ్మిదేళ్ళు. ఊరు వదిలే ముందు ఆయన్ని ఒక మాట అడిగాను. ఇక్కడ నా పక్క గది ఖాళీగా ఉంది. వచ్చెయ్యి, పెళ్ళంటే పెళ్ళి, వద్దంటే పక్కపక్క గదుల్లో ఉందాం అన్నాను. నవ్వకే! నవ్వుతున్నావని నాకు తెలుసు. ఆయన టోపీ తిప్పుతూ నిలబడి, ‘ఫిబ్రవరిలో కాగితాలు తెస్తాగా, అప్పుడు మీ అమ్మాయితో చెప్పి పంపిస్తాలే’ అన్నాడు. ఆయన ఉత్తరాలు రాసే రకం కాదు. ఏ మాట చెపితే ఆ మాట నాకు రాసి పంపు. నువ్వుగా మాత్రం అడగొద్దు. తొందరపెడితే నత్తలాగా లోపలికి పోతాడు. గది మే ఒకటి దాకా ఎవరికీ ఇవ్వొద్దని ఇంటావిడకి చెప్పి ఉంచాను.

ఒళ్ళు జాగ్రత్త, నడుం జాగ్రత్త.
అత్త ఇంపి


కివిలా, మిషిగన్
జనవరి 30, 2003

అత్తా,

నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాను. తర్వాత వంటింట్లోకెళ్ళి కాస్త ఏడ్చాను కూడా, ఎందుకో తెలీదు. డెబ్బై మూడేళ్ళకి నువ్వు పెళ్ళికూతురివైతే పూలు పట్టుకునేది నేనే, ఇప్పుడే చెప్తున్నా. ఆయన్ని అడగను. ఒట్టు.

ఇక్కడ మంచు కిటికీ సగం దాకా వచ్చింది. ఆఫీసులో మాత్రం చాలా మార్చాను, కోప్పడకు. నీ హయాంలో ఒక్కొక్కళ్ళు ఎదురుగా కూర్చుని మనవరాలి బాప్తిజం నించీ మోకాళ్ళ నెప్పి దాకా చెప్పి, చివర్లో పన్ను సంగతి చెప్పేవాళ్ళు. అలాగైతే నాకు సాగదు. అందుకని కౌంటరు దగ్గర డార్లా అనే అమ్మాయిని పెట్టాను. సాఫ్ట్‌వేరే నాలుగు పేజీల ప్రశ్నల కట్ట అచ్చువేసి ఇస్తుంది. వచ్చినవాళ్ళకి డార్లా అది చేతికిస్తుంది, ఇంటికెళ్ళి నింపి, కాగితాలతో పాటు కవరులో పెట్టి తలుపుకున్న డబ్బాలో వేస్తారు. నేను వెనకగదిలో కూర్చుని టకటకా కొట్టేస్తాను. పెన్షన్ల మీద బతికేవాళ్ళ తేలిక రిటర్నులు డార్లాకే వదిలేశాను, చురుకైన పిల్ల. ఎవరి మోకాళ్ళ సంగతీ వినక్కర్లేదు!

ఏలకుల రొట్టె నీలాగా పొంగడం లేదు. ఏం తక్కువైందో రాయి.

నీ మార్లిస్


లేక్‌వర్త్
ఫిబ్రవరి 11, 2003

మార్లిస్‌కి,

రొట్టెకి తక్కువైంది ఓపిక. రెండోసారి పొంగనివ్వకుండా పొయ్యిలో పెడుతున్నావు, మీ నాన్న తొందరే నీకూ వచ్చింది.

ఆ ప్రశ్నల కట్ట సంగతి నాకు నచ్చలేదు. మనసులో పెట్టుకుంటే నిద్రపట్టదు కాబట్టి రాసేస్తున్నాను. మనుషుల్ని నోటితో అడగాలి, పెన్సిలు మన చేతిలో ఉండాలి. మోకాళ్ళ నెప్పి విన్నప్పుడే కదటే ఆస్పత్రి బిల్లుల సంగతి బయటపడేది? కొందరికి ఆ కట్ట ఇవ్వనే కూడదు. ఎవరికి అంటే చెప్పలేను. ఎందుకంటే కూడా చెప్పలేను. కనీసం పాతవాళ్ళు వచ్చినప్పుడు నువ్వే లేచి బయటికి రా. నా మాట విను.

రెయినో ఇంకా రాలేదా? మామూలుగా మొదటి వారంలోనే వస్తాడు, ఇంటి వెచ్చదనానికి సర్కారు ఇచ్చే రాయితీ కోసం. నేను అడిగానని చెప్పకు. నిన్న ఆ గది కిటికీకి తెర కుట్టాను, ఊరికే, చేతులు ఖాళీగా ఉండలేక.

అత్త


కివిలా
మార్చి 9, 2003

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా కోపం వచ్చింది. ‘ఎవరికి అంటే చెప్పలేను, ఎందుకంటే చెప్పలేను’ అంటే నేనేం చెయ్యాలి? నా పని నీకు నచ్చడం లేదని నేరుగా అనొచ్చుగా? కుర్చీ నాకిచ్చావు కానీ అందులోంచి నువ్వు లేవలేదు.

నిజానికి ఈ వారం నేను ఎవరి మీదైనా అరిచే స్థితిలోనే ఉన్నాను. ఒక అమ్మాయి రిటర్ను మూడుసార్లు పంపితే మూడుసార్లూ తన్నేసింది. సాఫ్ట్‌వేరు ఒక అంకె చూపిస్తుంది, దానికి అర్థం ఏమిటో పుస్తకంలో వెతుక్కోవాలి. చివరికి చూస్తే ఆమె బిడ్డని విడిపోయిన మొగుడు అప్పటికే తన పోషణలో ఉన్నట్టు తన రిటర్నులో రాసేసుకున్నాడు. ఆమె కౌంటరు దగ్గరే, అందరి ముందూ ఏడ్చింది. డార్లా ఆమెకి కాగితం రుమాళ్ళ పెట్టె అందించింది.

మీ రెయినో నా దగ్గరికి రాలేదు. నువ్వు అడగొద్దన్నావు కాబట్టి అడగలేదు. మాట నిలబెట్టుకుంటున్నాను, అదైనా నా ఖాతాలో రాసుకో.

మార్లిస్


లేక్‌వర్త్
మార్చి 18, 2003

మార్లిస్‌కి,

అలాంటి అంకె వచ్చినప్పుడు రెండోసారి పంపకూడదు. తల్లిని వెనకగదిలోకి పిలిచి, తలుపు వేసి, నెమ్మదిగా చెప్పాలి. తర్వాత ఆమె రిటర్ను కాగితం మీద, పోస్టులో పంపాలి, బిడ్డ తన దగ్గరే ఉన్నట్టు బడి కాగితాలు సిద్ధం చేసుకోమనాలి. అది మిషను చేసే పని కాదు.

మార్చి సగం దాటినా రానివాళ్ళ ఇళ్ళకి నేను నడిచి వెళ్ళేదాన్ని, నీకు గుర్తుండాలి. చిన్నప్పుడు నా వెంట మంచు మీద జారే స్లెడ్జి బండిలో వచ్చేదానివి. తలుపు కొడితే ఒకరు జ్వరంతో ఉండేవారు, ఒకరికి పెద్ద దుఃఖం వచ్చి ఉండేది. రానివాళ్ళ పేరు మీద ఏదీ పంపకు, ముందు తలుపు కొట్టు.

కుర్చీ గురించి నువ్వన్నది నిజమే కావచ్చు. ఇకమీదట సలహాలు రాయను. నీ ఆఫీసు, నీ ఇష్టం.

ఇంపి


కివిలా
ఏప్రిల్ 18, 2003

అత్తా,

అయిపోయింది! నిన్నంతా పడుకున్నాను. మార్చిలో నేను రాసిన మాటలకి క్షమించు, నిద్ర లేనప్పుడు నా నోరు నా చేతిలో ఉండదు. నువ్వు సలహాలు మానేశాక తెలిసింది, సీజను మధ్యలో నువ్వు లేకపోతే ఆఫీసు ఎంత బోసిగా ఉంటుందో.

నీకు తెలియని గొప్ప సదుపాయం ఒకటి కనిపెట్టాను. చివరి రోజు సాయంత్రం ఇంకా పూర్తికాని పేర్లు బోలెడు మిగిలాయి. సాఫ్ట్‌వేరులో ఒక్క మీట నొక్కితే మిగిలిన వాళ్ళందరికీ ఆగస్టు దాకా గడువు పొడిగింపు వెళ్ళిపోతుంది. తలుపులు కొట్టక్కర్లేదు. ఇంట్లో కూర్చుని పళ్ళు తోముకుంటూ ఉండగానే అన్నీ అందాయని జవాబు వచ్చేసింది.

ఇక నీ సంగతి. ఇది రాయడానికే మనసు రావడం లేదు. పొద్దున జాబితా అంతా చూశాను. రెయినో పేరు ఎదురుగా అందినట్టు గుర్తు ఉంది. పెన్షన్లవాళ్ళవి డార్లాకి వదిలానని రాశాగా, ఆయనది తనే చేసి ఉండాలి. అడిగితే, ఇంతమందిలో పేర్లు గుర్తులేవు కానీ ఫిబ్రవరిలో సూటు వేసుకున్న పెద్దాయన ఒకాయన వచ్చి కౌంటరు మీద అడవిపళ్ళ జాం సీసా పెట్టి వెళ్ళాడంది. నాకేమైనా మాట చెప్పాడా అంటే, లేదు, చాలాసేపు నిలబడి, ‘ఇంపి గారి అమ్మాయి లేదా’ అనడిగాడు, పనిలో ఉందన్నాను, వెళ్ళిపోయాడు అంది. సీసా ఎవరిదో తెలియక అప్పుడే తినేశాం అత్తా.

అంతకంటే ఏం రాయను? నీకు తగినవాడు కాదు అనుకో. కాదు, అలా అనుకోకు. నాకు తెలియడం లేదు.

నీ మార్లిస్


లేక్‌వర్త్
మే 2, 2003

మార్లిస్‌కి,

నీ ఉత్తరం అందింది. జాం ప్రతి ఏడూ తెస్తాడు, కాగితాలు నింపినందుకు. ఈసారీ తెచ్చాడు, కాగితాలు చేయించుకున్నాడు, వెళ్ళాడు. చెప్పాల్సింది చెప్పకపోవడం కూడా చెప్పడమే, ముఖం మీద కాదనలేని మనిషి. తిన్నందుకు బాధపడకు, సీసా మూతలు ఆయన సరిగా బిగించడు, ఆగితే పాడైపోయేది.

నిన్న ఆ పక్క గది ఎవరికైనా ఇచ్చుకోమని ఇంటావిడకి చెప్పేశాను. మిన్నెసోటా నించి వచ్చిన ఒక అకార్డియను వాయించే ఆవిడ దిగింది. నాకు వినపడదు కాబట్టి ఇబ్బంది లేదు. తెర ఆవిడకే ఉంచేశాను.

ఈ సంగతి ఇక రాయొద్దు. బుద్ధి గడ్డి తిని అడిగాను, అంతే.

ఇంపి


కివిలా
ఆగస్టు 12, 2003

అత్తా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేను. కూర్చుని చదువు.

ఇవాళ పొద్దున ఆఫీసు తెరిచి కంప్యూటరు పెట్టగానే ఎర్రక్షరాల జాబితా వచ్చింది. ఈ పదిహేనో తారీకుతో పొడిగించిన గడువు అయిపోయేవాళ్ళు. అందులో రెయినో హావిస్తో పేరుంది. అంటే ఆయన రిటర్ను ఎవరూ చెయ్యలేదు. ఏప్రిల్లో నేను చూసిన గుర్తు, నేనే ఒక్క మీటతో అందరికీ పంపిన పొడిగింపుది. డార్లాని పిలిచి ఆయన ఫోటో చూపిస్తే, ‘ఈయనే సూటాయన! ప్రశ్నల కట్ట ఇచ్చాను, తిరిగి రాలేదు’ అంది.

అప్పుడే ఆయన ఇంటికి నడిచి వెళ్ళాను. తలుపు కొట్టాను. ఎన్నాళ్ళకి కొట్టాను అత్తా! పక్కింటి సెల్మా గారు బయటికి వచ్చింది. ‘ఎవరి కోసమమ్మా? రెయినో లేడు. జూన్‌లో పక్షవాతం వచ్చి పడిపోయాడు. కూతురు లొరైన్ డులూత్ తీసుకుపోయింది. మాట పోయింది పాపం, కుడిచెయ్యి కూడా’ అంది.

తాళం ఆవిడ దగ్గరే ఉంది. వంటింటి బల్ల మీద మన కట్ట ఉంది. నాలుగు పేజీలూ ఖాళీ. ఒక్క అక్షరం లేదు. కానీ ప్రతి పేజీ కిందా సంతకం ఉంది, సంతకం పెట్టమని ఎక్కడా అడగకపోయినా. నేను అర్థం కాక చూస్తుంటే సెల్మా గారు నెమ్మదిగా అంది, ‘ఆయన భార్య పోయినప్పటి నించీ కళ్ళజోడు పోగొట్టుకుంటూనే ఉన్నాడమ్మా. పోస్టు వస్తే నా దగ్గరికి తెచ్చి, కళ్ళజోడు కనపళ్ళేదు కాస్త చదివిపెట్టు సెల్మా అనేవాడు. నేనూ చదివేదాన్ని. ఆయనకి అసలు కళ్ళజోడే లేదు. ఇది మాత్రం నా దగ్గరికి తేలేదు. ఎందుకో మరి.’

ఎందుకో నాకు తెలుసు. నీకు జవాబు కూడా ఆ కాగితాలతో పాటే చెప్తానన్నాడు కదా. ఆ కట్టని పక్కింటావిడ చేత నింపించడం ఇష్టంలేక ఉంటుంది.

ఇంకా ఉంది. సెల్మా గారు నవ్వుతూ చెప్పింది, ఏడుస్తూ చెప్పింది: ‘జనవరి నెలాఖరులో, మీసాల మీద మంచు గడ్డకడుతుంటే, ఈయన దుకాణానికి పోయి పొట్టి చేతుల చొక్కాలు కొనుక్కొచ్చాడు. కొబ్బరిచెట్ల బొమ్మలు! నీకేమైనా పిచ్చా రెయినో అన్నాను. వేసవి ఎప్పుడైనా రావచ్చు సెల్మా అన్నాడు.’

అత్తా, ఆయన అవునని చెప్పడానికే వచ్చాడు. సూటు వేసుకుని వచ్చాడు. నేను గోడ అవతలే ఉన్నాను.

నీకు ముందే తెలుసు కదా ఆయనకి చదువు రాదని? ‘కొందరికి ఇవ్వకూడదు’ అన్నది ఆయన గురించే కదా? ఒక్క ముక్క రాసి ఉంటే నేను పరిగెత్తేదాన్ని. ఎందుకు రాయలేదు? నీ మీద కోపం వస్తోంది, అంతకు నాలుగింతలు నా మీద వస్తోంది. డులూత్ చిరునామా కింద రాశాను. ఆయనకి అక్టోబరు దాకా రెండో గడువు అడగాలి, అందులో కారణం రాయమని ఒక గడి ఉంది. గంట నించీ దాని ముందే కూర్చున్నాను. ఏమని రాయను?

మార్లిస్


డులూత్, మిన్నెసోటా
సెప్టెంబరు 21, 2003

మార్లిస్ తల్లికి,

అనారోగ్యం అని రాసి ఉంటావు. అది చాలు, అది నిజమే.

ఇక్కడికి వచ్చి మూడు వారాలైంది. లొరైన్ మంచి పిల్ల, మేడమీది గదిలో నాకు మంచం వేసింది. ఇక్కడ సరస్సు మీద నించి గాలి మొదలైంది. లేక్‌వర్త్ మళ్ళీ వెళ్ళను. అకార్డియను ఆవిడకి నా గది కూడా ఇచ్చెయ్యమని రాశాను.

ఎందుకు చెప్పలేదని అడిగావు. బల్ల అవతల కూర్చున్న మనిషి మనకి చెప్పింది మన సొత్తు కాదు. ఆయన నా దగ్గరికి వచ్చిన మొదటి ఏడు, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని అడిగాడు, వేలు పెట్టి చూపించాను. అప్పటి నించి ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సొంత మేనకోడలికైనా చెప్పకూడదు. చెప్పి ఉంటే బావుండేదని మాత్రం రోజూ అనుకుంటున్నాను. రెండూ నిజమే, ఏం చెయ్యను?

నువ్వొక్కదానివే ఏడవకు. కాగితం చేతికిచ్చి జవాబు తెమ్మన్నది నువ్వైతే, ప్రశ్న ఆయన మీద పడేసి బస్సెక్కి వెళ్ళిపోయింది నేను. చెవులు పని చేస్తున్న రోజుల్లోనే ఎదురుగా కూర్చుని అడిగి, జవాబు వచ్చే దాకా కుర్చీ కదలకుండా ఉండాల్సింది. ఊళ్ళో అందరినీ అలాగే అడిగానుగా! నా సొంత సంగతి వచ్చేసరికి సిగ్గేసింది. పైగా నిన్ను అడగొద్దన్నాను.

ఇక ఇది రాయాలి. వచ్చిన రోజే అడిగాను. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు, కొబ్బరిచెట్ల చొక్కా వేసుకుని. లొరైన్‌కి ఆయన పెట్టెలో అవే దొరికాయట, ఎందుకు కొన్నాడో ఆమెకి తెలీదు. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని, ‘రెయినో, అప్పుడడిగానే, దానికి ఏమంటావ్’ అన్నాను. తల ఊపాడు. అవును. చెయ్యి పట్టుకుని ఏడ్చాను. అప్పుడు లొరైన్ పలక మీద రాసి నాకు చూపించింది: ‘ఏమీ అనుకోకండి. ఇప్పుడు దేనికైనా అలాగే ఊపుతున్నాడు.’

నమ్మలేదు. ‘రెయినో, నువ్వు ఫిన్లండు రాజువా’ అని అడిగాను. ఊపాడు. ‘నేను రేపే వెళ్ళిపోనా?’ ఊపాడు.

అవునా కాదా అనే ప్రశ్న అడగొద్దని నీకు రాశాను, గుర్తుందా? ఇప్పుడు ఆయన దగ్గర అవుననేది ఒక్కటే మిగిలింది, మార్లిస్. ఫిబ్రవరిలో రెండూ ఉన్నాయి. రెండూ ఉన్నప్పుడు చెప్పాలని సూటు వేసుకుని వచ్చాడు, అది వినడానికి అక్కడ ఎవరూ లేరు.

నేను మళ్ళీ అడగలేదు. రోజూ పొద్దున చొక్కా గుండీలు పెడతాను, జాం రొట్టెకి రాసి తినిపిస్తాను, చాలా అనగానే తల ఊపుతాడు, ఇంకా అనగానే ఊపుతాడు. నాకు తోచినప్పుడు ఆపుతాను.

అక్టోబరు గడువులోపు ఒక ఆదివారం ఆయన కాగితాలు తీసుకుని రా. నువ్వే రా, పోస్టులో పంపకు. ఆ ఖాళీ పేజీలు కూడా పారెయ్యకుండా తీసుకురా. నాకు వినపడదు, ఆయన మాట్లాడలేడు, కాబట్టి పెన్సిలు నువ్వే పట్టుకోవాలి.

అత్త ఇంపి